సింహాచలమ్మ చూడని ఊళ్ళు

ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో సొంతిల్లు కట్టుకుని వచ్చి ఏడాది దాటినా సింహాచలమ్మ ముందుగది గోడల్ని బోసిగానే ఉంచింది. కేలండరు కూడా తగిలించనివ్వలేదు. భర్త దేముడు సుత్తి పట్టుకుని వస్తే చాలు, "కొత్త గోడ మావా, మేకులు కొట్టీకు," అని అడ్డం వచ్చేది. ముప్పై ఏళ్ళు రైల్వే క్వార్టర్లో కాపురం చేసిన మనిషి. అక్కడి గోడలు ఏనాడూ తనవి కావు. ఇవి తనవి. వీటి మీద ఏం పెట్టాలో తేల్చుకునేదాకా ఏదీ పెట్టకూడదని ఆమె పట్టుదల.

దేముడు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి కిందటేడు రిటైరయ్యాడు. పిల్లల్లేరు. మేడ మీద ఒక్క గది వేసి అద్దెకిచ్చారు. అందులో విష్ణుప్రియ అనే అమ్మాయి ఉంటోంది. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది. పొద్దున్నే సైకిలేసుకుని పోతే చీకటి పడ్డాకే రావడం. పాపం ఏం తింటుందో ఏమోనని సింహాచలమ్మ అప్పుడప్పుడూ చారో కూరో గిన్నెలో పెట్టుకుని పైకి వెళ్ళేది.

దసరా ఇంకో పది రోజులుందనగా ఒక ఆదివారం అలాగే వెళ్ళింది. మంచం పక్క గోడంతా ఫొటోలు. దారం కట్టి, బట్టల క్లిప్పులతో వరసగా వేలాడదీసింది ఆ పిల్ల. కొండలు, వంతెనలు, ఏదో సముద్రం, మంచులో టోపీ పెట్టుకుని నవ్వుతూ తను.

"ఇయ్యన్నీ నువ్వెల్లిన ఊర్లేటమ్మా?"

"అవునాంటీ, అన్నీ నేను పోయినవే. రోజూ చూస్తుంటే మళ్ళొకసారి పోయినట్టుంటది."

సింహాచలమ్మ గిన్నె కింద పెట్టడం మరిచిపోయి చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత కిందికి వచ్చి ముందుగదిలో మధ్యగా నిలబడి నాలుగు గోడల్నీ చూసుకుంది. ఏం పెట్టాలో తెలిసిపోయింది.

ఆమె ఏ ఊరూ వెళ్ళలేదు. పెళ్ళయి శ్రీకాకుళం జిల్లా నుంచి ఖరగ్‌పూర్ వచ్చింది. పండగకో పబ్బానికో మళ్ళీ అటు వెళ్ళి వచ్చింది. అంతే. ఊళ్ళు తిరిగినవాడు దేముడు. రైల్వేలో పనిచేసేవాడికి పాసులుంటాయి. తన పేరూ పెళ్ళాం పేరూ రాయించుకుంటే ఇద్దరూ టిక్కెట్టు లేకుండా దేశంలో ఎక్కడికైనా వెళ్ళి రావచ్చు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ రాత్రి అన్నాలయ్యాక కూర్చుని పూరీ, కాశీ, రామేశ్వరం అని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేవారు. అంతలో అత్త జోగమ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పూర్తిగా పడిపోయింది. మాట ముద్దయిపోయింది. పదకొండేళ్ళు మంచంలో ఉంది ఆవిడ. పిల్లలు లేని ఆ ఇంట్లో అత్తే సింహాచలమ్మకు చంటిపిల్ల అయింది. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, గంజి తాగించడం, వీపు మీద పుండ్లు పడకుండా పొద్దుటా సాయంత్రం ఒత్తిగిలించి పడుకోబెట్టడం. ఒక్క పూట వదిలి పక్కవీధికి వెళ్ళడానికి లేదు.

"పాసులు మురిగిపోతాయే," అనేవాడు దేముడు. "నానైనా ఎల్లి సూసొస్తాను. మనిద్దరి తరుపునా దండం పెట్టుకుని వస్తాను. అమ్మ సంగతి తేలినాక నిన్ను అన్నిటికీ తిప్పుతాను, సూడు."

అలా ఏటా వెళ్ళేవాడు. పాత కెమెరా ఒకటి కొనుక్కున్నాడు. తిరిగొచ్చాక ఫొటోలు కడిగించి, అత్త మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్కటే చూపిస్తూ చెప్పేవాడు. హరిద్వార్లో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో, కాశీలో సందులు ఎంత ఇరుకో, రామేశ్వరం వంతెన మీద రైలు ఎలా పాకుతూ వెళ్తుందో. మంచి మాటకారి. సింహాచలమ్మ ఆ కబుర్లు ఎంతగా వినేదంటే, తర్వాత కుళాయి దగ్గర తోటి ఆడవాళ్ళకి తనే వెళ్ళొచ్చినట్టు చెప్పేది. జోగమ్మ కూడా వినేది. కొడుకు ఊరి నుంచి వచ్చిన ప్రతిసారీ ముద్దమాటతో ఒకటే అడిగేది: "నూకి తిన్నాదా? నూకి బాగుందా?" నూకాలమ్మ ఆవిడ పెద్దకూతురు. భర్త పోయి పలాసలో కొడుకు దగ్గర ఉండేది. ముసలావిడకి మతి చలించి ఎప్పుడో చిన్నప్పటి కూతుర్ని తలుచుకుంటోందని సింహాచలమ్మ అనుకునేది. "బాగుందిలే అత్తా," అని దుప్పటి సర్దేది.

జోగమ్మ పోయాక ఒకటి రెండుసార్లు అడిగింది, ఎక్కడికైనా వెళ్దామని. "ఇంకెక్కడికే, అన్నీ సూసేసినాం గదా," అన్నాడు దేముడు. తర్వాత ఇంటి స్థలం, ఇల్లు, ఆ హడావుడి. ఆమె మరి అడగలేదు. తను చెవులతో చూసిన ఊళ్ళు ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు వాటిని గోడ మీద పెట్టుకుంటుంది. అంతకన్నా మంచి అలంకారం ఈ గదికి ఏముంటుంది?

చిక్కేమిటంటే, పాత ఆల్బం క్వార్టర్లో ఉండగానే వానకి తడిసి, ఫొటోలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. కానీ ఫొటోలతో పాటు స్టూడియోవాళ్ళు ఇచ్చే నల్లటి ఫిల్ము ముక్కలు బిస్కెట్ల డబ్బాలో భద్రంగా ఉన్నాయి. వాటితో మళ్ళీ ఫొటోలు వేయవచ్చని విష్ణుప్రియే చెప్పింది. దేముడు అక్కని దసరాకి తీసుకురావడానికి పలాస వెళ్ళాడు. నాలుగు రోజులకి గానీ రాడు. అతను వచ్చేసరికి గది తయారై ఉండాలని, చూసి నోరు తెరవాలని సింహాచలమ్మ సరదాపడింది. డబ్బా సంచిలో వేసుకుని ఆటో ఎక్కి గోల్‌బజార్ వెళ్ళింది.

అక్కడ టోనిది చిన్న స్టూడియో. వాళ్ళ నాన్న నాటినుంచీ రైల్వే తెలుగువాళ్ళ పెళ్ళిఫొటోలన్నీ అక్కడే. డబ్బా చూసి, "రేపు రా అక్కా, కంప్యూటర్లోకి ఎక్కించి ఉంచుతాను," అన్నాడు. మర్నాడు వెళ్ళేసరికి కంప్యూటరు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"నూటికి పైనే ఉన్నాయక్కా. బావ సెయ్యి మంచిదే. ఇందులో నీకు ఏటేటి పెద్దవి సెయ్యాలో సూసి సెప్పు."

మొదటిది హరిద్వార్. గంగ ఒడ్డున మెట్ల మీద దేముడు. ఇది ఆమెకు బాగా తెలుసు. అవతల గట్టు మీద గడియారం గోపురం, పక్కన పూలమ్మే ఆమె బుట్ట. సింహాచలమ్మ ముఖం విప్పారింది. టోని తర్వాతది తెచ్చాడు.

అవే మెట్లు. దేముడు లేడు. నూకాలమ్మ ఉంది. చీరమీద ముదురు మెరూన్ రంగు స్వెట్టరు వేసుకుని, చేతిలో దొప్పతో నీళ్ళ దగ్గర నిలబడి నవ్వుతోంది.

ఆ స్వెట్టరు సింహాచలమ్మ అల్లింది. హరిద్వార్లో చలి కోసేస్తుందని ఎవరో అంటే, మధ్యాహ్నాలు అత్త కళ్ళు మూసుకున్నప్పుడల్లా కూర్చుని, నెలరోజులు అల్లి మొగుడి సంచిలో పెట్టింది. "ఎంత ఎచ్చగున్నాదో!" అని చెప్పాడు తిరిగొచ్చాక.

మొదట ఆమెకి కోపం రాలేదు. ఏదో దారి వెతుక్కుంది. పలాస నుంచి ఎవరో యాత్రకి వెళ్తే వాళ్ళతో వెళ్ళి ఉంటుంది వదిన, అక్కడ కలిసి ఉంటారు, చలికి తమ్ముడు స్వెట్టరు ఇచ్చి ఉంటాడు. చెప్పడం మరిచిపోయాడేమో. "తరవాతది సూపించు టోనీ," అంది.

కాశీలో పడవ మీద నూకాలమ్మ. మధుర గోపురం ముందు అక్కా తమ్ముడూ పక్కపక్కన, ఎవరో దారినపోయేవాళ్ళు తీసినది. పూరీలో నీళ్ళలో పడి లేచి, తడిసిన జుట్టుతో పకపకా నవ్వుతున్న నూకాలమ్మ. తిరుపతిలో గుండు చేయించుకున్న దేముడు, పక్కన లడ్డూ చేత్తో పట్టుకుని నూకాలమ్మ. ఒక్క ఊరు తప్పలేదు.

రామేశ్వరం వచ్చేసరికి సింహాచలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ఏడు ఆమెకు బాగా గుర్తు. అత్తని ఎత్తి ఎత్తి నడుం పట్టేసి, లేవలేక, పక్కింటివాళ్ళ ఫోను నుంచి పలాసకి చేసింది. "వదినా, పది రోజులు వచ్చి ఉండవా, నీకు దండం పెడతాను," అని ఏడ్చింది. "ఓలమ్మ, నా మోకాళ్ళు నన్ను లేవనివ్వట్లేదే సింహాలూ, రైలెక్కలేను," అంది నూకాలమ్మ. ఆ తర్వాత రెండు వారాలకే దేముడు రామేశ్వరం వెళ్ళాడు. తెర మీద, ఆ పొడవాటి గుడి వసారాలో, రాతి స్తంభాల మధ్య నూకాలమ్మ చెంగు దోపుకుని చకచకా నడుస్తోంది. కాస్త అలుక్కుపోయింది బొమ్మ, నడక జోరుకి.

"ఈవిడ మీ ఆడబిడ్డే కదక్కా?" అన్నాడు టోని మామూలుగా. "మరేటి సేద్దాం? బావొక్కడే ఉన్నవి పెద్దవి సెయ్యమంటావా?"

సింహాచలమ్మ తెర మీంచి చెయ్యి తీసింది.

"ఆవిడున్నవి సెయ్యి. బావొక్కడున్నవి నాను సూసినవే."

ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి, ఏం వండాలో తోచక ఆర్పేసింది. ఆ రెండు రోజులూ ఆమె చేసిన పని ఒక్కటే: వెనక్కి వెళ్ళి ఒక్కొక్క ఏడునీ తీసి చూసుకోవడం. దేముడు అత్త మంచం పక్కన పీట వేసుకుని కబుర్లు చెప్పిన సాయంత్రాలు ఆమె బతుకులోకెల్లా మంచివి అనుకునేది. ఎంగిలి కూడు తినిపించినట్టయింది ఇప్పుడు. ఫొటోల కట్టలోంచి ముందే అక్క ఉన్నవి ఏరి పక్కన పెట్టి, అప్పుడు గదా తన ముందు కూర్చున్నాడు! ఒక్కసారి కాదు, ఏళ్ళ తరబడి.

టోని పన్నెండు ఫొటోలు ఫ్రేములు కట్టి ఇచ్చాడు. విష్ణుప్రియ టేపు పట్టుకుని వచ్చి, గోడమీద పెన్సిలు గీతలు గీసి, ఏది ఎక్కడ బాగుంటుందో చూసి సాయం చేసింది. మేకులు సింహాచలమ్మే కొట్టింది. కొత్త గోడ పెచ్చులు రాలాయి. ఆమె చూసుకోలేదు.

"అన్నీ మస్తున్నయి గానీ, మీ ఫొటో ఒక్కటి లేదేంది ఆంటీ?"

"నాను ఎల్లలేదమ్మా."

"మరి ఈమె ఎవరు?"

"మా ఆయన అక్క. వాల్ల అమ్మని నాను సూసుకుంటన్నప్పుడు, ఈల్లిద్దరూ ఎల్లినారు."

విష్ణుప్రియ చేతిలో ఫ్రేము అలాగే ఉండిపోయింది. "ఇది పెట్టొద్దాంటీ," అంది మెల్లగా. సింహాచలమ్మ ఆ ఫ్రేము అందుకుని తనే తగిలించింది.

మర్నాడు పొద్దున్నే స్టేషను నుంచి ఆటో వచ్చి ఆగింది. నూకాలమ్మ జీడిపప్పు సంచి చంకన పెట్టుకుని, రైల్లో ఎవరో సీటు ఇవ్వలేదని తిడుతూ లోపలికి వచ్చింది. వచ్చి గోడ చూసింది.

"ఓలమ్మ! ఇయ్యెక్కడ దొరికినాయే? సూడరా దేముడూ, కాశీ పడవ! ఎంత పడుచుగున్నానో సూడు!"

నిజంగా సంతోషపడింది. దగ్గరికి వెళ్ళి అద్దం మీద వేలు పెట్టి తన ముఖాన్ని తడిమి చూసుకుంది. ఏ తప్పూ గుర్తు రాలేదు ఆవిడకి, ఆ కాసేపూ. దేముడు మాత్రం గుమ్మం దాటలేదు. పెట్టె చేతిలోనే ఉంది. వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూశాక గానీ నూకాలమ్మ వేలు గోడమీంచి తియ్యలేదు.

"నీకు సెప్దామనే అనుకున్నాను," అన్నాడు దేముడు.

"ఎప్పుడు మావా?"

అతను పెట్టె కింద పెట్టాడు. "బావ పోయిన కాడినుండి అక్క ఇల్లు కదల్లేదు. కోడలితో నిత్తెం గొడవ. పిచ్చిదయిపోతాదని బయమేసింది. పాసులో అక్క పేరు ఎక్కదు. నీ పేరు ఎలాగూ ఉన్నాది, నువ్వు ఎలాగూ కదల్లేవు..."

"నానెందుకు కదల్లేదు మావా?"

నూకాలమ్మ కూలబడ్డట్టు కుర్చీలో కూర్చుంది.

"సింహాలూ, మేమేదో సుకపడిపోనామనుకోకే. టీటీ కనబడితే నా పానం పోయీది. పేరు అడిగితే సింహాసలమ్మ అని సెప్పీదాన్ని. నోరు తడబడిపోద్దేటోనని దారంతా అదే పేరు జపం సేసీదాన్ని. నీ పేరేనే!"

సింహాచలమ్మను శాంతపరుస్తున్నాననే అనుకుంది ఆవిడ. సింహాచలమ్మకి మాత్రం ఇంకొకటి కనబడింది. తను ఇక్కడ అత్త మంచం కింద బొచ్చె తీస్తూ ఉండగా, రైల్లో ఇంకొక సింహాచలమ్మ కిటికీ పక్కన కూర్చుని కొండలు చూసుకుంటూ వెళ్ళిందన్నమాట. రైల్వే పుస్తకాల్లో తను అన్ని ఊళ్ళూ చూసేసిన మనిషే.

"పది రోజులు వచ్చి ఉండమన్నాను వదినా. నడుం పోయిందని ఏడిసినాను. నీ కన్నతల్లే గదా. రాకపోతే పోనీ. మోకాల్లని ఎందుకు సెప్పినావు?"

"వస్తే అక్కడే ఉండిపోవాల్సొస్తాదని..." నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకే ముందు మనసు ఒప్పలేదే. అమ్మే సెప్పింది. దాన్నీ తీసుకెల్లరా, అది ఏటీ సూడలేదు అని అమ్మే తమ్ముడితో అన్నాది."

"అత్తకి తెలుసా?"

ఇద్దరూ తలలు వంచుకున్నారు.

నూకి తిన్నాదా? నూకి బాగుందా? మతి చెడి అడగలేదు ఆవిడ. పక్కనే కూర్చుని నోట్లోకి గంజి పోస్తున్న మనిషి ఎదురుగానే, కూతురి ప్రయాణం ఎలా జరిగిందో కొడుకుని అడిగింది. మొగుడి సంగతి రెండు రోజుల నుంచీ గుండెలో తిప్పుకుంటూ ఎలాగో తట్టుకుంది సింహాచలమ్మ. ఆడబిడ్డతో ఎప్పుడూ అంత చనువు లేదు. కానీ జోగమ్మ గోళ్ళు తను తీసింది. చివరి రోజుల్లో ఆవిడ ఎడమచెయ్యి తన మణికట్టు పట్టుకుని వదిలేది కాదు. ఆ చెయ్యి కూడా వాళ్ళదే. సింహాచలమ్మ వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డబ్బా మీద కూర్చుని, పదకొండేళ్ళకీ కలిపి ఒక్కసారే ఏడ్చింది. లోపలికి వచ్చి ఓదార్చే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

నూకాలమ్మ దసరాకి ఆగలేదు. మర్నాడు బండికే వెళ్ళిపోయింది. సింహాచలమ్మ అన్నం పెట్టింది, చీర పెట్టింది, భర్త పోయిన మనిషికి బొట్టు పెట్టరు కాబట్టి చేతికి పండు ఇచ్చింది. పొమ్మనలేదు, ఉండమనలేదు.

దేముడు ఆ సాయంత్రం స్టూలు వేసుకుని ఫ్రేములు తియ్యబోయాడు.

"ఉండనీ."

"నలుగురూ వస్తారే పండక్కి."

"రానీ. తిరిగినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?"

నలుగురూ వచ్చారు. వర్క్‌షాపులో అతనితో పనిచేసినవాళ్ళు, పాత క్వార్టర్ల ఇరుగుపొరుగు. గోడ చూసి ముచ్చటపడ్డారు. "నువ్వెక్కడున్నావు సింహాచలం?" అని అడిగినవాళ్ళకి ఆమె దాచకుండా, గొంతు పెంచకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెప్తూ ఉండగానే దేముడు లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. ఒక పెద్దావిడ, "ఎంతైనా తోడబుట్టినది, ఏదో పాపమని తీసుకెళ్ళుంటాడు," అంది. ఆ మాటా నిజమేనని సింహాచలమ్మకి తెలుసు. పాపమని తీసుకెళ్ళాడు. తనని చూస్తే అతనికి ఆ పాపం కూడా అనిపించలేదు, అదే ఆమెకి మింగుడు పడనిది.

దీపావళి వెళ్ళాక దేముడు ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. రిటైరైనవాళ్ళకిచ్చే పాసు. "ఎక్కడికి ఎల్దామో నువ్వే సెప్పు. హరిద్వార్? కాశీ? ఎక్కడికంటే అక్కడికి."

"మీ అక్కా నువ్వూ ఎల్లని ఊరు ఏదైనా ఉందేటి?"

దేముడు ఆలోచించాడు. ఒక్కొక్క ఊరూ మనసులో దాటుకుంటూ వెళ్తున్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది. చాలాసేపటికి తలెత్తాడు. "గౌహతి. కామాఖ్య అమ్మోరు. దూరమని ఎల్లలేదు."

"అయితే అదే రాయించు."

వెళ్ళారు. దారి పొడవునా ప్రతి స్టేషన్లోనూ దేముడు దిగి టీ తెచ్చిచ్చాడు. ఆమె తాగింది. కిటికీ పక్క సీటు ఇచ్చాడు. కూర్చుంది. మాటలు మాత్రం అవసరమైనవే. కొండ మీద మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు పట్టేసి ఆగితే చెయ్యి అందించాడు. ఆమె పక్కనున్న ఇనుపకమ్మీ పట్టుకుని ఎక్కింది.

దర్శనం అయ్యాక ఇంకాస్త పైకి వెళ్తే, చెట్ల సందులోంచి కింద బ్రహ్మపుత్ర కనిపించింది. అంత నీరు ఆమె ఎన్నడూ చూడలేదు. అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియడం లేదు. మధ్యలో ఇసుక మేటలు, వాటి మీద చీమల్లా మనుషులు. దేముడు అలవాటుగా చెయ్యి చాపి ఏదో చెప్పబోయాడు. చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. అతనూ చూడటం ఇదే మొదలు. చెయ్యి దించేసుకున్నాడు.

కాసేపటికి దగ్గరగా వచ్చి, "సింహాలూ, నాను సేసింది..." అని మొదలుపెట్టాడు.

"ఇప్పుడొద్దు మావా," అంది ఆమె, నది మీంచి చూపు తిప్పకుండా. "నన్ను సూడనీ."